బంజారా కొండలపై ఇల్లు

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున కొన్ని రాతికొండలు కలవు. నేడు అందరును వానిని బంజారా హిల్స్ అని పిలుచుచున్నారు. వానిని దాటినచో జూబిలీ హిల్స్, వాని కావల దుర్గం చెరువు, ఆ చెరువునకు ఆవలి గట్టున మాదాపూరు. మాదాపూరున హైటెక్ సిటీ యను పేర అద్దపు మేడలు వరుసలు తీరి నిలిచియున్నవి. పగలనక రేయనక వేలకొలది ఉద్యోగులు ఆ మేడలలో కంప్యూటర్ల ముందు కూర్చుండి దూరదేశముల వారి పనులను చక్కబెట్టుచుందురు. నూరేండ్ల క్రిందట ఈ ప్రాంతమంతయు నిర్జనము. ఉన్నవి రాతిగుండ్లు, సీతాఫలపు చెట్లు, తుమ్మలు, ముళ్లపొదలు. పశువులను మేపుకొను లంబాడీలు అక్కడక్కడ తండాలు వేసికొని యుండెడివారు. లంబాడీలకే బంజారాలని మరియొక పేరు. కొండలకు ఆ పేరు వారి వలననే వచ్చెను. నగరములోని నవాబులు ఎప్పుడైన వేటకు ఆ దిక్కునకు పోయెడివారు. ప్రొద్దుగుంకునప్పటికి తిరిగి వచ్చెడివారు. ఆ కొండలపై, ఆ రాళ్ల నడుమ, ఇల్లు కట్టుకొని కాపురము పెట్టిన తొలి పెద్దమనిషి నవాబు మెహదీ నవాజ్ జంగ్.

ఆయన 1894వ సంవత్సరమున జన్మించెను. మెహదీ నవాజ్ జంగ్ అనునది నిజాము ప్రభువు ఒసగిన బిరుదుతో కూడిన నామము. ఆ రాజ్యమున గొప్ప ఉద్యోగులకు జంగ్, దౌలా, ముల్క్, ఉమ్రా యని క్రమముగ బిరుదము లిచ్చు ఆచార ముండెను. జంగ్ అనగా యుద్ధము. ఆ బిరుదు వహించిన వారిలో పెక్కురు కలము తప్ప కత్తి పట్టి యెరుగరు. మన నవాబుగారును కలము పట్టిన వారే. ఆయన నిజాము కొలువున ప్రవేశించి, క్రమముగ పైకి వచ్చి, రాజ్యపాలనము నడపు కార్యనిర్వాహక మండలికి కార్యదర్శి యయ్యెను. ఆ కాలమున మండలికి అధ్యక్షుడు మహారాజా కిషన్ పర్షాద్. కిషన్ పర్షాద్ 1926 నుండి 1937 వరకు ఆ పదవియందుండెను. ఆయన హిందువు, ఉర్దూ కవి, గొప్ప దాత. ఆయన యెడల మెహదీ నవాజ్ జంగునకు గల భక్తి యెట్టిదనగా, పిమ్మట ఆయన జీవితచరిత్రమును ఉర్దూలో తానే గ్రంథముగ రచించెను.

మెహదీ నవాజ్ జంగ్ కొండలవైపు ఏల చూచెనో తెలియవలెనన్న, ఆనాటి నగరము సంగతి కొంత తెలియవలెను.

హైదరాబాదు 1591లో మూసీనది దక్షిణపు గట్టున వెలసినది. చార్మినారు చుట్టును ఇండ్లు క్రిక్కిరిసి యుండెను. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరమును ముంచివేసెను. వేలకొలది జనులు మడిసిరి. ఇండ్లు లెక్కలేనన్ని కూలిపోయెను. ఆ వెనుకనే మహామారి ప్లేగు వచ్చెను. ప్లేగు భయముచే జనులు ఇండ్లు విడిచి ఊరి వెలుపల గుడిసెలు వేసికొనిరి. అప్పటినుండి ప్రభువులకును ప్రజలకును ఒక యాలోచన కలిగెను. వరదలను అడ్డుటకు, త్రాగునీరు సమకూర్చుటకు మూసీపై గండిపేట చెరువును 1920 నాటికి, ఈసీ వాగుపై హిమాయతు సాగరమును 1927 నాటికి నిర్మించిరి. ఇరుకు వాడలను చక్కజేసి, గాలి వెలుతురు వచ్చు ఇండ్లు కట్టించుటకు 1912లో నగరాభివృద్ధి మండలి యేర్పడెను. స్థోమత గలవారు ఊరి వెలుపల, మిట్టనేలపై ఇండ్లు కట్టుకొన నారంభించిరి.

అయితే ఇల్లు ఎట్లు కట్టుకొనవలెను? ప్రభువర్గము వారికి అప్పటి కెరుకైన మార్గములు రెండే. ఒకటి పూర్వుల దేవిడీ. ఏనుగు అంబారీతో దూరదగినంత ఎత్తైన దర్వాజా, లోపల వరుసగ ముంగిళ్లు, పురుషుల భాగము వేరు, అంతఃపురము వేరు, చుట్టును ఎత్తైన ప్రహరి. రెండవది ఐరోపా ప్రభువుల మేడ. దీనికి గొప్ప యుదాహరణము ఫలక్‌నుమా. నవాబు వికారుల్ ఉమ్రా 1884లో దాని నారంభించెను. ఇటలీ చలువరాయి, ఐరోపా అద్దములు, దీపపు గుత్తులు, నూటయొక్క మంది ఒక్కసారి కూర్చుండి భుజింపదగిన బల్ల తెప్పించి దాని నలంకరించెను. అది చూడ వచ్చిన వారెల్ల ముక్కున వ్రేలిడుకొనిరి. కాని ఆ మేడ పూర్తియగునప్పటికి ఆయన అప్పులలో మునిగెను; తుదకది నిజాము వశమయ్యెను. ఆ మేడ అందమును కాదనలేము. అయినను లోనికి పోయి నిలిచినవానికి తానున్నది దక్కను నేలయో, ఐరోపాలోని యేదో యొక పట్టణమో తెలియదు.

మెహదీ నవాజ్ జంగ్ ఈ రెండింటిని విడిచి మూడవ దారి త్రొక్కెను. 1930వ సంవత్సర ప్రాంతమున ఆయన బంజారా కొండలపై స్థలము చూచుకొనెను. ఆ స్థలమున చదునైన నేల లేదు. ఎటు చూచినను గుండ్లే. ఇల్లు కట్టదలచిన వాడెవడైనను చేయు మొదటి పని, వడ్డెరలను పిలిపించి, రాతిలో రంధ్రములు దొలిపించి, మందు కూరి పేల్చి నేలను చదును చేయించుట. ఆయన ఆ పని చేయింపలేదు. బండలను ఉన్నవి ఉన్నట్లే ఉంచి, వానిని ఇంటి గోడలలో కలుపుకొని, వాని వంపుల ననుసరించి ఇల్లు కట్టించెను. రాయి ఇంటిలోనికి వచ్చెను. ఇల్లు రాయి చాటున ఒదిగెను. అది ఆయన ఇల్లే కాని మరియొకరి ఇంటిని చూచి కట్టినది కాదు.

ఆ గుండ్లను గూర్చి ఇచట కొంత చెప్పవలసి యున్నది. చూచువానికి అవి ఎవరో రాక్షసులు ఆడుకొనుచు ఒకదానిపై నొకటి పేర్చిపోయినట్లు కనబడును. ఏనుగంత గుండు ఒకటి, కోడిగ్రుడ్డు నిలిపినట్లు, పిడికెడు చోట ఆనియుండును. నిజమునకు వాని నెవ్వరును పేర్చలేదు. అవి గ్రానైటు శిలలు. సుమారు 250 కోట్ల యేండ్ల క్రిందట భూగర్భమున కరిగిన ద్రవము చల్లారి గట్టిపడినప్పు డవి పుట్టినవి. హిమాలయములు తలయెత్త నారంభించి అయిదు కోట్ల యేండ్లు మాత్రమే యైనది. ఈ గుండ్ల ముందు అవి నిన్న మొన్నటి బిడ్డలు. భూమి లోపల నున్నప్పుడే ఆ శిలలో నిలువుగను అడ్డముగను నెరియలు పడినవి. నెరియలలోనికి నీరు దిగి రాతిని కొంచెము కొంచెముగ మెత్తపరచెను. మూలలు మూడువైపుల నుండి నీటిపాలగును గనుక ముందుగ అరిగినవి. కావున చదరపు దిమ్మలు గుండ్రనైనవి. పైనున్న మన్ను, అరిగిన ఇసుక వానలకు కొట్టుకొనిపోగా, లోపలి గట్టి గుండ్లు ఒకదానిపై నొకటి అట్లే మిగిలినవి. తోట పెట్టి పేల్చినచో నిమిషములో ముక్కలగును. మరల పుట్టుట యన్నది లేదు.

రాతిని చెరుపక రాతితోనే కట్టు విద్య ఈ నేలకు క్రొత్త గాదు. బంజారా కొండలకు కొన్ని మైళ్ల దూరముననే గోలకొండ దుర్గ మున్నది. కాకతీయుల కాలమున మట్టికోటగ నున్న దానిని కుతుబ్‌షాహీలు రాతికోటగ మార్చిరి. ఆ కోటగోడ ఒక గుండు నుండి మరియొక గుండునకు ప్రాకుచు పోవును. గుండున్న చోట గుండే గోడ. లేనిచోట మాత్రమే కట్టిన గోడ. కొండ కొనయందు రెండు బండల నడుమ అమ్మవారి గుడి యున్నది. ఆ కోటకు నీరిచ్చినది దుర్గం చెరువే. గోలకొండ కట్టిన పనివారికి తెలిసిన సంగతిని తరువాతి నవాబులు మరచిరి. మెహదీ నవాజ్ జంగ్ మరల చేపట్టెను.

ఇది చెప్పినంత సులభమైన పని కాదు. చదునైన నేలపై మేస్త్రీ తాడు లాగి మూలలు గుర్తించును. తూకపు గుండు వదలి గోడ నిలువు చూచును. ఒక గది కట్టినవానికి పది గదులు కట్టుట వచ్చును. బండల నడుమ అట్లు కుదరదు. రాయి ఎచ్చట వాలిన, గోడ అచ్చట దాని వాలున కొదగవలెను. గోడరాతిని బండ వంపునకు సరిపడునట్లు ఒక్కొక్కటిగ చెక్కి అమర్చవలెను. ఒక గదినుండి మరియొక గదికి రెండు మెట్లు దిగవలసి యుండును, మరియొక దానికి నాలుగు మెట్లెక్కవలసి యుండును. పునాది త్రవ్వనక్కర లేదు, నిజమే, బండయే పునాది. కాని మురుగునీటికి కాలువ తీయుట, బావి త్రవ్వుట కష్టము.

అన్నిటికంటె గొప్ప చిక్కు వానాకాలమున వచ్చును. బండపై పడిన నీరంతయు జారుచు వచ్చి, బండ గోడను కలిసిన అతుకునందు నిలిచి లోనికి కారును. దీనికి విరుగుడు మన దక్షిణదేశమున రెండువేల యేండ్ల క్రిందనే కనుగొనిరి. గుహలలో నివసించిన భిక్షువులు గుహ నొసటిమీద వ్రేలిమందము గాడి యొకటి చెక్కించెడివారు. జారివచ్చు నీరు ఆ గాడివద్ద తెగి, వెలుపలనే చుక్కలు చుక్కలుగ రాలిపోవును. పడక తడియదు. ఎంత చిన్న ఉపాయము! రాతికొండపై ఇల్లు కట్టువానికి ఇట్టివన్నియు తెలియవలెను.

ఎండ సంగతియు అంతే. గ్రానైటు పగలంతయు వేడిని త్రాగి రాత్రి మెల్లగ విడుచును. నీడపట్టున నున్న బండ గదిని చల్లగ నుంచును. పడమటి యెండ తగులు బండ పడకగదిలో నున్నచో నడురేయి వరకు నిద్ర పట్టదు. అందుచే ఏ బండను లోనికి రానీయవలెను, దేనిని వెలుపల నుంచవలెను, ఎచ్చట చెట్టు నాటి నీడ కల్పింపవలెను అని యింటివాడు నాలుగు ఋతువులును ఆ చోట తిరిగి చూచుకొనవలెను. సామానుల విషయమును చూడుడు. నలుచదరపు గదిలో బజారున దొరకు ఏ బీరువాయైనను ఇమిడిపోవును. ఒకవైపు బండ పొడుచుకొని వచ్చిన గదిలో అది నిలువదు. బండయే అరుగగును; దాని మలుపే దీపపు గూడగును. అక్కడ దేని నుంచవలెనో అంగడివాడు చెప్పలేడు. ఆ గదిలో కూర్చుండువాడు, చదువుకొనువాడు, నిద్రించువాడు తనకు తానే ఆలోచించుకొనవలెను. ఫలక్‌నుమా వంటి మేడను ధనముతో అలంకరింపవచ్చును. ఇట్టి ఇంటికి ధనము చాలదు. కన్ను కావలెను, ఓపిక కావలెను.

ఆ యింటికి 1933లో ఒక మహాతిథి వచ్చెను. ఆ యేటి డిసెంబరు మాసమున విశ్వకవి రవీంద్రనాథ ఠాకూరు విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఉపన్యాసము లిచ్చి, పిదప హైదరాబాదునకు విచ్చేసెను. ఆయన స్థాపించిన విశ్వభారతికి నిజాము ప్రభువు అంతకు ముందే లక్ష రూపాయల విరాళ మొసగియుండెను. ఆనాటికి కవికి డెబ్బది రెండేండ్లు. ఫలక్‌నుమా వంటి రాజభవనములున్న ఆ నగరమున ఆయన బస చేసినది బంజారా కొండలపై మెహదీ నవాజ్ జంగ్ ఇంట. దూరము నుండి చూచినప్పుడు కఠినముగ కనబడిన ఆ కొండలు దగ్గరకు పోగా కవి మనసును దోచుకొనెను. ఆయన వానిపై ఒక కవిత వ్రాసెను. మునులవలె కూర్చున్న ఆ గుండ్లు ప్రపంచ సాహిత్యమున ఇట్లు చోటు సంపాదించుకొనెను.

కవికి ఆ యిల్లు నచ్చుటలో వింత లేదు. ఆయనయు ఇండ్ల విషయమున పిచ్చి గలవాడే. శాంతినికేతనమున ఒక ఇంట కొంతకాల ముండి, దానిపై విసుగు పుట్టి, పక్కనే మరియొకటి కట్టించుకొనెడివాడు. 1935లో శ్యామలి యను ఇంటిని గోడలే కాక పైకప్పు సైతము మట్టితో కట్టించుకొని, తన పుట్టిననాటి వేడుకను అందు జరుపుకొనెను. వంగదేశమున రాయి లేదు, మన్నున్నది. ఆయన ఇల్లు మట్టిదయ్యెను. దక్కనున మన్ను కొంచెము, రాయి మెండు. నవాబుగారి ఇల్లు రాతిదయ్యెను. పదవులు, భాషలు, మతములు వేరైనను ఈ యొక్క విషయమున ఇద్దరి మనసు ఒక్కటే.

ఆ దినములలోనే సముద్రములకావల మరియొక చోట ఇట్టి ప్రయత్నమే జరిగెను. అమెరికాదేశమున పెన్సిల్వేనియా రాష్ట్రపు అడవిలో కాఫ్‌మన్ అను వర్తకునికి ఒక సెలయేటి గట్టున స్థలముండెను. ఆయన కుటుంబము సెలవు దినములలో అక్కడి బండపై కూర్చుండి పొద్దు గడపెడిది. ఫ్రాంక్ లాయిడ్ రైట్ అను వాస్తుశిల్పి 1935లో ఆయనకు ఇంటి నమూనా గీసి యిచ్చెను. సెలయేరు కనబడు చోట ఇల్లు కట్టునని తలచినవారికి, సెలయేటి మీదనే ఇల్లు నిలిపి ఆశ్చర్యము గొలిపెను. ఆ కుటుంబము కూర్చుండు బండను తొలగింపలేదు. నేటికిని ఆ యింటి నడిమిగదిలో పొయ్యి ముందర నేలనుండి ఆ బండ పైకి తేలి కనబడుచుండును. దాని పేరు ఫాలింగ్ వాటర్. లోకమందలి వాస్తుశిల్ప విద్యార్థులందరును ఆ యింటి పటము చూచి పాఠము నేర్చుకొందురు. రవీంద్రుడు బంజారా కొండలపై బస చేసిన రెండేండ్లకు గాని రైట్ తన కాగితముపై తొలి గీత గీయలేదు. మన నవాబుగారి ఇంటికి అంతటి ప్రసిద్ధి రాలేదు. వాస్తుశిల్పులు దానిని గూర్చి గ్రంథములు వ్రాయలేదు. ఆయన దానిని కీర్తికొరకు కట్టించుకొనలేదు గదా!

ఆయనను చూచి మరికొందరు ఉద్యోగులు, ధనికులు ఆ కొండలెక్కిరి. కొన్ని యేండ్లలో బంజారా హిల్స్ పేరుగల నివాసస్థలమయ్యెను. ఊరి వెలుపల వేటకు పోవు అడవి, కోరి కాపురముండు చోటయ్యెను. నగరము పడమటికి పెరుగుటకు ఇట్లు బీజము పడెను.

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలిసెను. పాత కొలువున పెద్ద పదవులలో నున్నవారిలో కొందరు దేశము విడిచిరి, కొందరు ఇంటికే పరిమితులైరి. మెహదీ నవాజ్ జంగ్ ప్రజాప్రభుత్వమున పని చేయుటకు ముందుకు వచ్చెను. 1952 ఎన్నికల పిదప బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రిగ ఏర్పడిన మంత్రివర్గమున ఆయన మంత్రి యయ్యెను. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాతను మంత్రిగ నుండెను. క్యాన్సరు వ్యాధి పేరు చెప్పిననే జనులు ఆశ వదలుకొను ఆ దినములలో, హైదరాబాదున ఆ వ్యాధికి ప్రత్యేకముగ ఒక ఆసుపత్రి యుండవలెనని పట్టుబట్టి పాటుపడినవారిలో ఆయన ముఖ్యుడు. రెడ్ హిల్స్‌లో ఆ వైద్యశాల నేటికిని ఆయన పేరుననే నడచుచున్నది. రెండు తెలుగు రాష్ట్రముల నుండి పేదరోగులు దాని గడప త్రొక్కుచుందురు. వారిలో ఆ పేరుగల మనుష్యు డెవరో యెరిగినవారు కొందరే. మెహదీపట్నమునకు ఆ పేరు ఆయన వలననే వచ్చినదని చెప్పుదురు.

1960 మే 1వ తేదీన గుజరాతు రాష్ట్రము క్రొత్తగ అవతరించెను. దానికి మొట్టమొదటి గవర్నరుగ మెహదీ నవాజ్ జంగ్ నియమింపబడెను. అప్పు డహమదాబాదులో గవర్నరు నివాసము షాహీబాగులోని పాత మొగలాయి భవనము. షాజహాను చక్రవర్తి యువరాజుగ గుజరాతును పాలించునప్పుడు దానిని సాబర్మతీ నదీతీరమున కట్టించుకొనెను. దానితో రవీంద్రునకు సంబంధమున్నది. కవి పదునేడేండ్ల బాలుడుగ నున్నప్పుడు, 1878లో, ఆయన అన్న సత్యేంద్రనాథుడు అహమదాబాదున జడ్జిగ నుండి ఆ భవనముననే నివసించుచుండెను. అన్న కచ్చేరికి పోగానే ఆ పెద్ద భవనమున బాలుడు ఒంటరిగ తిరిగెడివాడు. ఖాళీ గదులు, పావురముల కూతలు, క్రింద పారు నది. ఆ అనుభవము మనసున నాటుకొని, పెక్కేండ్లకు ఆకలిగొన్న రాళ్లను గూర్చిన ప్రసిద్ధ కథగ వెలువడెను. బంజారా కొండలపై కవికి రాతియింట ఆతిథ్య మిచ్చిన నవాబు, కవి చేత రాళ్లకు ప్రాణము పోయించిన ఆ భవనమున అయిదేండ్లు నివసించెను. ఇది కేవలము కాకతాళీయము. అయినను తలచుకొన్నప్పుడెల్ల ముచ్చటగ నుండును.

1965లో ఆయన పదవీకాలము ముగిసెను. 1967లో ఆయన కీర్తిశేషుడయ్యెను.

ఆయన పోయిన పిదప ఆ కొండలపై జరిగినది వేరు కథ. జూబిలీ హిల్స్ నిండెను. 1998లో మాదాపూరున సైబర్ టవర్స్ అను గుండ్రని భవనమును ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించెను. దానివెంట హైటెక్ సిటీ, ఆ పిమ్మట గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వరకు సైబరాబాదు వ్యాపించెను. లక్షలమందికి జీవనోపాధి కలిగెను. మారుమూల పల్లెలలో చదువుకొన్న పిల్లలకు ఉద్యోగములు దొరకెను. ఆ మేలును ఎవరును కాదనరాదు. కాని ఆ మేడలకు చదునైన నేల కావలసెను. ఏ గుండ్లను చూచి కవి మురిసెనో, అట్టివే గుండ్లు వందలకొలది పేలిపోయి కంకరయై గోడలలోను బాటలలోను కలిసెను. మధ్యాహ్నవేళ తోటాల మ్రోత, గాలిలో తెల్లని ధూళి ఆ ప్రాంతమువారికి అలవాటయ్యెను. ఒక పద్ధతిలో కట్టిన అపార్టుమెంట్లలో ఒకే కొలత గదులు, ఒకే రంగు గోడలు వచ్చెను. పదునాల్గవ అంతస్తు తలుపును చూచి అది తనదో పైవానిదో పోల్చుకొనలేక, తాళపుచెవి పెట్టిచూచి సిగ్గుపడు గృహస్థులును కలరు!

ఈ నాశనమును చూచి సహింపలేక కొందరు పౌరులు 1996లో రాళ్లను రక్షించుటకు ఒక సంఘమును స్థాపించిరి. రాళ్లకు సంఘమా యని నవ్వినవారును ఉండిరి. ఆ సంఘములో ముఖ్యుడైన నరేంద్ర లూథర్ ప్రభుత్వమున ఉన్నతోద్యోగి, హైదరాబాదు చరిత్రకారుడు. ఆయన బంజారా హిల్స్‌లో తన యిల్లు కట్టుకొన్నప్పుడు అక్కడి బండను పగులగొట్టింపక ఇంటిలోనే నిలుపుకొనెను. 2021లో ఆయన మరణించెను. వారి కృషివలన తొమ్మిది శిలాసముదాయములు నగర వారసత్వ సంపదల పట్టికలో చేరెను. ఆ పట్టికకు ఆధారమైన నిబంధనను 2015లో ప్రభుత్వము తొలగించెను. 2017లో వారసత్వ సంపదలకు క్రొత్త చట్టము వచ్చెను. చట్టములు వచ్చుచు పోవుచుండగా, రాళ్లు మాత్రము పోవుటయే గాని వచ్చుట లేదు.

ఆ తొమ్మిదింటిలో ఒకటి హైటెక్ సిటీకి ఎదురుగ, మాదాపూరు శిల్పారామములో నున్నది. దానికి ఎలుగుబంటి ముక్కని పేరు పెట్టిరి. మరియొకటి హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆవరణలో పుట్టగొడుగు ఆకారమున నిలిచియున్నది. దుర్గం చెరువు గట్టున కొన్ని గుండ్లు ఇంకను మిగిలియున్నవి. సాయంకాలమున వ్రేలాడు వంతెనపై నిలిచి చూచినచో, అద్దపు మేడల వెలుగు నీటిలో పడుచుండగా, ఆ గుండ్లు చీకటిలో నల్లగ, ఒకదానిపై నొకటి ఆనుకొని, కూర్చున్నచోటనే కూర్చుండి యుండును.